రుణదాతల తరఫు వకీలు కావాలంటే: బ్యాంకు ఫైలా, బిల్లుల కట్టా, డీఆర్‌టీయా, జిల్లా కోర్టు ఐపీలా?

"ఫలానా షావుకారు ఐపీ పెట్టాడట" అన్న మాట వినకుండా మన ఊళ్లలో పెరిగినవాళ్లు తక్కువ. ఆ మాట బయటికొచ్చిన రోజు నుంచి ఊరంతా ఐపీ పెట్టినాయన గురించే చెప్పుకుంటుంది. ఆయనకు అప్పిచ్చినవాళ్లు మాత్రం కోర్టు నోటీసు మడిచి జేబులో పెట్టుకుని వకీలు ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరతారు. నా ప్రాక్టీసు ఆ రెండోవాళ్ల వైపు.

లా పూర్తి చేసి, ఎన్‌రోల్ అయిన పిల్లలు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "సర్, ఇన్‌సాల్వెన్సీలో క్రెడిటర్స్ సైడ్ చేద్దామనుకుంటున్నాను, ఎక్కడ చేరమంటారు?" నేను తిరిగి అడిగేది ఒకటే. ఏ క్రెడిటరు? వందల కోట్లిచ్చిన బ్యాంకు రుణదాతే. ఆరు లారీల అట్టపెట్టెలు అరువు మీద పంపిన చిన్న ఫ్యాక్టరీ రుణదాతే. ఇల్లు తనఖా పెట్టుకుని ముప్ఫై లక్షలిచ్చిన బ్రాంచీ, ప్రామిసరీ నోటు రాయించుకుని రెండు లక్షలిచ్చిన రిటైర్డ్ మాస్టారూ రుణదాతలే. వాళ్ల కేసులు నడిచే కోర్టులు వేరు, చదవాల్సిన కాగితాలు వేరు, ఆ కాగితాలతో మీకు అబ్బే విద్య వేరు. అందుకే జీతమెంత, ఆఫీసెక్కడ అని చూసేముందు ఎవరి రూపాయి కోసం నిలబడతారో తేల్చుకోమంటాను.

బ్యాంకు తరఫున ఎన్‌సీఎల్‌టీలో

అందరి కళ్లూ ముందు పడేది దీనిమీదే. 2016లో దివాలా స్మృతి వచ్చింది, దాన్నే అందరం ఐబీసీ అంటాం. కంపెనీల దివాలా ప్రక్రియ ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ కేసులు వినేది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్, అంటే ఎన్‌సీఎల్‌టీ. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు పన్నెండు పెద్ద బాకీ ఖాతాల్ని ఎంచి, వాటిని ఈ చట్టం కిందకు తీసుకెళ్లమని బ్యాంకులకు చెప్పింది. అందులో హైదరాబాద్ కంపెనీ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. అది గట్టెక్కలేదు, మరుసటి ఏడాది ఆగస్టులో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులమ్మి మూసేయడానికి వెళ్లింది. దేశం మొత్తమ్మీద ఐబీసీ కింద ఆమోదం పొందిన మొదటి రిజల్యూషన్ ప్లాను (కంపెనీని గట్టెక్కించే ప్రణాళిక) కూడా హైదరాబాద్ బెంచ్ నుంచి వచ్చిందే: విశాఖలో అల్లాయ్ చక్రాలు తయారుచేసే సినర్జీస్ డూరే ఆటోమోటివ్‌ది, 2017 ఆగస్టులో. ఈ చట్టం మన వకీళ్లకు ఎక్కడో ఢిల్లీ, ముంబైల వ్యవహారం కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

పని ఎలా ఉంటుందంటే, బ్యాంకు వేసే దరఖాస్తు సెక్షన్ 7 కింద ఉంటుంది. నిరూపించాల్సినవి రెండే: అప్పు ఉంది, చెల్లింపు తప్పింది. 2017లో ఇన్నోవెంటివ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. వినడానికి చాలా తేలిక. కానీ బ్యాంకు నుంచి ఫైలు వచ్చిన రోజు ఒక్కసారి మీరు పక్కన కూర్చుని చూడాలి. శాంక్షన్ లెటర్లు నాలుగు, ప్రతిదాంట్లో పరిమితి వేరు. హైపోతికేషన్ డీడ్ (సరుకు, యంత్రాలు తాకట్టు రాసిన పత్రం) మీద స్టాంపు సరిపోయిందో లేదో చూడాలి. స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంటుకు 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద సర్టిఫికెట్ జతచేశారా? అప్పుల వివరాలు భద్రపరిచే ఇన్ఫర్మేషన్ యుటిలిటీలో డిఫాల్టు రికార్డయిందా? ఇవన్నీ దాటాక అసలు ప్రశ్న వస్తుంది: ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయిన తేదీ ఏది?

ఈ తేదీ దగ్గరే కేసు నిలుస్తుంది, లేదా కూలుతుంది. దరఖాస్తుకు కాలపరిమితి డిఫాల్టు నుంచి మూడేళ్లని 2018లో బీకే ఎడ్యుకేషనల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మూడేళ్లు దాటిపోయిన ఫైళ్లు కోకొల్లలు. అప్పుడు వెతకాల్సింది మధ్యలో కంపెనీ ఎక్కడైనా బాకీని ఒప్పుకుందా అని. నాకు బాగా గుర్తున్న ఒక ఫైల్లో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటరుంది. కంపెనీ ముద్ర ఉంది, డైరెక్టరు సంతకముంది, తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. బ్రాంచివాళ్లు సంతకం పెట్టించుకున్నారు కానీ తేదీ వేయించలేదు. వెనక్కి వెళ్లి ఆ కంపెనీ బ్యాలెన్స్ షీట్లన్నీ తీసి, నోట్స్‌లో ఆ బ్యాంకు పేరున బాకీ చూపించిన సంవత్సరాన్ని పట్టుకుని నిలబెట్టాం. బ్యాలెన్స్ షీటులో చూపించిన బాకీని ఒప్పుకోలుగా తీసుకోవచ్చని 2021లో బిశాల్ జైస్వాల్ కేసులో వచ్చిన తీర్పే అక్కడ దిక్కయింది. కరోనా కాలపు తేదీలైతే మరీ జాగ్రత్త. 2020 మార్చి 25 నుంచి 2021 మార్చి 24 మధ్య జరిగిన డిఫాల్టు మీద దరఖాస్తు ఎప్పటికీ వేయడానికి లేదని సెక్షన్ 10ఏ చెబుతోంది.

దరఖాస్తు అడ్మిట్ అయ్యాక బ్యాంకు వకీలు పని రూపం మారుతుంది. కమిటీ ఆఫ్ క్రెడిటర్స్, అంటే రుణదాతల కమిటీలో ఓటు బ్యాంకుది, ప్లాను నెగ్గాలంటే 66 శాతం ఓట్లు కావాలి. మీరు అక్కడ వాదించరు, చదువుతారు. రెండు మూడు వందల పేజీల ప్లానులో హామీదారుల మీద బ్యాంకుకున్న హక్కును మెల్లగా తుడిచేసే ఒక్క వాక్యం ఎక్కడుందో పట్టుకోవడమే అక్కడ గొప్ప పనితనం. ప్రమోటరు ఇచ్చిన వ్యక్తిగత హామీ ప్లానుతో పాటు దానంతటదే రద్దయిపోదని 2021లో లలిత్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఆ హామీని కాపాడుకుంటే రెండో దారి మిగిలే ఉంటుంది.

ఈ దారిలో చేరడానికి రెండు ద్వారాలున్నాయి. పెద్ద లా ఫర్మ్‌లో చేరితే మొదటి రోజు నుంచీ నెలజీతం, మంచి డ్రాఫ్టింగ్, పెద్ద ఫైళ్లు ఉంటాయి. కానీ రెండు మూడేళ్లు గడిచినా బెంచ్ ముందు నోరు విప్పే అవకాశం రాకపోవచ్చు. ప్యానెల్ అడ్వకేటు (బ్యాంకు తన జాబితాలో పెట్టుకున్న వకీలు) దగ్గర జూనియరుగా చేరితే మొదట్లో ఇచ్చేది పెట్రోలు ఖర్చులకు కూడా చాలకపోవచ్చు, కానీ ఆరో నెలకల్లా వాయిదాకు లేచి నిలబడతారు. ప్యానెల్ వకీళ్లకు బ్యాంకు ఫీజు దాని షెడ్యూలు ప్రకారమే వస్తుంది, బిల్లు పాసవడానికి నెలలు పడుతుంది. ఇంకొకటి కూడా ముందే తెలుసుకోండి. ఒక బ్యాంకు ప్యానెల్లో ఉంటే ఆ బ్యాంకుకు వ్యతిరేకంగా కేసు తీసుకోలేరు. మీ సీనియరు నాలుగు బ్యాంకుల ప్యానెల్లో ఉంటే ఆ నలుగురి బాధితులంతా మీ ఛాంబరు గడప తొక్కరు.

సరుకిచ్చినవాళ్ల తరఫున

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను. నేను నేర్చుకున్నదంతా ఇక్కడిదే.

సరుకో, సేవో అరువిచ్చి డబ్బు రాక కూర్చున్నవాళ్లను చట్టం ఆపరేషనల్ క్రెడిటర్లంటుంది. వీళ్లు సెక్షన్ 8 కింద ముందు డిమాండ్ నోటీసు పంపాలి, కంపెనీకి పది రోజులు సమయమివ్వాలి. డబ్బూ రాక, వివాదం ఉందన్న జవాబూ రాకపోతే సెక్షన్ 9 కింద దరఖాస్తు. ఫైలింగ్ ఫీజు 2,000 రూపాయలు, బ్యాంకుకైతే 25,000. ఈ తేడా చూసి ఇది పేదవాడికి సులువైన దారనుకుంటారు. కానే కాదు. 2020 మార్చి 24 నుంచి డిఫాల్టు కనీసం కోటి రూపాయలుంటేనే ఎన్‌సీఎల్‌టీ తలుపు తెరుచుకుంటుంది, అంతకుముందు అది లక్షే. ఆ ఒక్క నోటిఫికేషన్‌తో చిన్న సరఫరాదారుల్లో అధికభాగం గడప బయటే ఉండిపోయారు.

కోటి దాటినా అసలు గండం వేరే ఉంది. నోటీసు అందేనాటికే బాకీ మీద నిజమైన వివాదముంటే దరఖాస్తు కొట్టేస్తారు. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలత ఇది: ఆ వివాదం గెలుస్తుందా లేదా అన్నది చూడరు, ఊరికే ఊదిన గాలిబుడగ కాకుండా ఉంటే చాలు. మరుసటి ఏడాది మన రాష్ట్రాల నుంచే రెండు కేసులు వెళ్లాయి. విజయ్ నిర్మాణ్ కంపెనీ కేసులో ఆర్బిట్రేషన్ అవార్డు (మధ్యవర్తి తీర్పు) చేతిలో ఉన్నా, దానిమీద ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద సవాలు పెండింగులో ఉంటే అది వివాదమేనన్నారు. ఏపీ ట్రాన్స్‌కో మీద ఒక కేబుల్ కంపెనీ వేసిన కేసులో, ఐబీసీ ఉన్నది బాకీ వసూలు కోర్టుకు బదులుగా వాడుకోవడానికి కాదని చెప్పారు.

ఈ తీర్పులు చదవడం ఒకటి, అవి మన క్లయింటు మీద పడటం చూడటం ఇంకొకటి. ప్యాకింగ్ సరుకు సరఫరా చేసే ఒక పెద్దాయన మా దగ్గరకు బిల్లుల కట్ట తెచ్చారు. కోటీ పద్దెనిమిది లక్షలు. ప్రతి ఇన్‌వాయిసు మీదా గేటు ముద్ర, లారీ నంబరు, అందుకున్న సంతకం. లెడ్జరు కళ్లకద్దుకోవచ్చు. నేనూ మురిసిపోయాను. డ్రాఫ్టు సగమయ్యాక ఆయన ఫోను తీసుకుని వాట్సాప్ సంభాషణలన్నీ వెనక్కి తిప్పుకుంటూ వెళ్లాను. పద్నాలుగు నెలల కిందట, రాత్రి పదకొండు గంటలకు, అవతలి కంపెనీ స్టోర్స్ ఇన్‌ఛార్జి పంపిన మెసేజి: "అన్నా, మూడో లోడు అట్ట తడిసి వచ్చింది, సార్ కోప్పడుతున్నారు, బిల్లు ఆపమన్నారు." కింద రెండు ఫొటోలు. మా పెద్దాయన జవాబు: "చూద్దాం తమ్ముడూ."

ఆ రాత్రి నోటీసు ఆపేశాం. మూడో లోడు తాలూకు సొమ్ము తీసేస్తే బాకీ కోటి కిందకు వస్తుంది. ఉంచితే ఆ మెసేజి వివాదమవుతుంది. చివరికి ఎన్‌సీఎల్‌టీ మాట పక్కనపెట్టి, ఆయన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీద సూక్ష్మ, చిన్న పరిశ్రమల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లాం. 2006 నాటి ఆ చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజులు మించి ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. అది ఆయనకు నిదానమైన దారే, కానీ నడిచే దారి. ఆ వాట్సాప్ మెసేజి చదవకుండా ఫైల్ చేసుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. క్లయింటు దగ్గర రెండు వేల ఫీజుతో పోయేది కాదు, మరో ఏడాది పోయేది.

ఈ వైపు పనిచేస్తే అబ్బేది ఇదే: ఏ బాకీని ఏ కోర్టుకు తీసుకెళ్లాలో తెలియడం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద త్వరగా తేలే సమ్మరీ సూటు, కమర్షియల్ కోర్టు, దానికి ముందు తప్పనిసరి మధ్యవర్తిత్వం, ఫెసిలిటేషన్ కౌన్సిల్, అన్నీ కుదరనప్పుడు ఎన్‌సీఎల్‌టీ. బ్యాంకు వైపు జూనియరుకు ఈ విస్తృతి త్వరగా రాదు. ఫైలు వచ్చేసరికే అది ఎక్కడికి వెళ్లాలో బ్యాంకువాళ్లు నిర్ణయించేసి ఉంటారు.

దీనికి చీకటి వైపూ ఉంది. దరఖాస్తు అడ్మిట్ అయినా, ఇంకెవరో వేసిన దరఖాస్తులో మీ క్లయింటు ఫారం బీ కింద క్లెయిమ్ పెట్టినా, కమిటీలో ఆపరేషనల్ క్రెడిటరుకు ఓటు లేదు. లిక్విడేషన్ జరిగితే వచ్చేదీ, ప్లాను సొమ్మును ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని చెప్పే ఐబీసీ సెక్షన్ 53 వరుస ప్రకారం పంచితే వచ్చేదీ, రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తే చాలు. చాలా కంపెనీల్లో ఆ లెక్క సున్నాకు దగ్గరగా తేలుతుంది. ఎస్సార్ స్టీల్ కేసులో అప్పీలు ట్రిబ్యునల్ అందరినీ సమానంగా చూడాలంటే, 2019 నవంబరు 15న సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి, ఎవరికెంత అన్నది కమిటీ వ్యాపార విజ్ఞతకే వదిలింది. ఈ మాట క్లయింటుకు మొదటి రోజే చెప్పాలి. చెప్పకుండా ఫీజు తీసుకునేవాళ్లున్నారు, అలాంటి ఛాంబరులో మాత్రం చేరకండి. అలాగే అవతలివాణ్ని బెదిరించడానికే సెక్షన్ 9 నోటీసులు పంపే ఛాంబరులోనూ చేరకండి. దురుద్దేశంతో ప్రక్రియ మొదలుపెడితే లక్ష నుంచి కోటి దాకా జరిమానా వేసే సెక్షన్ 65 ఊరికే రాయలేదు.

డీఆర్‌టీ, సర్ఫేసీ

కచ్చితంగా చూస్తే ఇది దివాలా కాదు, వసూలు. అయినా రుణదాతల వకీళ్లలో ఎక్కువమంది కాళ్లు నిలదొక్కుకునేది ఇక్కడే కాబట్టి దీన్ని వదిలేయలేం. డీఆర్‌టీ, అంటే బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్, హైదరాబాద్‌లో ఉంది, విశాఖపట్నంలో ఉంది. 20 లక్షలు, ఆపైన బ్యాంకు బాకీలు ఇక్కడికొస్తాయి. 2002 నాటి సర్ఫేసీ చట్టమైతే బ్యాంకుకు కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తి మీద చేయి వేసే అధికారమిచ్చింది: 13(2) నోటీసు, అరవై రోజుల గడువు, తర్వాత స్వాధీనం. బాకీదారు 45 రోజుల్లో డీఆర్‌టీకి రావాలి. వాదనలు చిన్నవి, వాయిదాలు ఎక్కువ, జూనియర్లకు మాట్లాడే అవకాశం పుష్కలం. డీఆర్‌టీ తీర్పు మీద అప్పీలుకు మన రెండు రాష్ట్రాలవాళ్లూ వెళ్లాల్సింది కోల్‌కతా ట్రిబ్యునల్‌కు. ఆ రైలు ప్రయాణాల ఖర్చు క్లయింటుకు ముందే చెప్పడం కూడా పనిలో భాగమే.

మీ మనసు ఎలాంటిదో ఇక్కడ ఒకసారి చూసుకోవాలి. స్వాధీనానికి అడ్వకేట్ కమిషనర్లను వేయొచ్చని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, జూనియర్లకు ఆ పని తరచూ వస్తుంది. నేను వెళ్లిన ఒక ఇంట్లో పంచనామా రాస్తున్నాం: మంచం ఒకటి, బీరువా ఒకటి, కుట్టుమిషను ఒకటి. గోడకు రెండు స్కూలు సంచులు తగిలించి ఉన్నాయి. వాటిని జాబితాలో రాయాలా వద్దా అని బ్యాంకు అధికారి నా వంక చూశారు. రాయలేదు, ఆ పిల్లల చేతికిచ్చి పంపాం. బ్యాంకు హక్కు న్యాయమైనదే, ఆ అప్పు తీసుకున్నది నిజమే. అయినా ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి రోజులు నెలకు రెండు మూడు వస్తాయి. వాటిని మర్యాద చెడకుండా, చేయాల్సింది చేసి రాగలనని అనిపిస్తేనే ఈ దారి పట్టండి. ఎన్‌సీఎల్‌టీలో ఓడిపోయేవాళ్లు కూడా మనుషులే, కాకపోతే అక్కడ వాళ్ల ఇల్లు మీకు కనిపించదు.

జిల్లా కోర్టుల్లో ఐపీలు

నగరానికి రావడం కుదరనివాళ్లు, రావాలని లేనివాళ్లు దీన్ని చిన్నచూపు చూడకండి. వ్యక్తుల దివాలాకు ఐబీసీలో రాసుకున్న భాగం కంపెనీల హామీదారులకు మాత్రమే 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. అందుకే మన పట్టణాల్లో మామూలు మనుషుల ఐపీలు ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. అయిదు వందల రూపాయల అప్పుంటే ఐపీ వేయొచ్చని అందులో రాసి ఉంది, ఆ అంకె వందేళ్లుగా అలాగే ఉంది.

ఇక్కడ రుణదాత వకీలు పని ఐపీ పెట్టినాయన ఆస్తి ఎటు పోయిందో వెతకడం. ఈసీ తీస్తారు. బావమరిది పేర రాసిన అర ఎకరం, భార్య పేర గిఫ్టు డీడు చేసిన ఇల్లు బయటపడతాయి. ఐపీ దరఖాస్తు వేయడానికి ముందు రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీలను ఈ 1920 చట్టం సెక్షన్ 53 కింద, ఒక రుణదాతకే మేలు చేస్తూ మూడు నెలల్లోపు చేసిన చెల్లింపులను సెక్షన్ 54 కింద రద్దు చేయించవచ్చు. వీటికి సాక్ష్యం కావాలి, సాక్షిని బోనెక్కించి తెలుగులో అడ్డుప్రశ్నలు వేయాలి. ఇది చాలామంది పట్టించుకోని తేడా. ఎన్‌సీఎల్‌టీ, డీఆర్‌టీ రెండూ దాదాపుగా అఫిడవిట్ల మీద నడిచే చోట్లు. క్రాస్ ఎగ్జామినేషన్ చేయాలన్న తపనతో లా చదివినవాళ్లు ఎన్‌సీఎల్‌టీలో చేరి మూడేళ్లకు ఉసూరుమంటారు. మీలో ఆ తపన ఉంటే సబ్ కోర్టే మీకు సరైన చోటు. ఆదాయం పెద్దగా ఉండదు, బాధితులు గుంపుగా వస్తారు, ఒక్కొక్కరి బాకీ చిన్నది. గుంపంతటికీ కలిపి ఒక్క వకాలత్ తీసుకునే నేర్పుంటే బతుకు గడుస్తుంది.

బ్యాంకు లోపలే ఉద్యోగం, లేదా ఆర్పీ (రిజల్యూషన్ ప్రొఫెషనల్) అవడం

లా ఆఫీసరు ఉద్యోగం మీద నాకు వ్యతిరేకత లేదు, దాన్ని ప్రాక్టీసుకు తొలిమెట్టనుకోవడం మీదే ఉంది. ఐబీపీఎస్ స్పెషలిస్టు ఆఫీసరు పరీక్షలో లా ఆఫీసరు పోస్టుకు లా డిగ్రీ, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ ఉండాలి, వయసు ముప్ఫై దాటకూడదు. చేరాక మీ కోటు పెట్టెలోకి వెళ్తుంది. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి వకాల్తా చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ నిబంధన చెబుతోంది కాబట్టి సనదు (ప్రాక్టీసు లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాలి. ఇంటికి నెలనెలా డబ్బు పంపాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్లు నిశ్చింతగా ఇటు రండి, ఎవరి మాటా పట్టించుకోకండి. ఏ ఫైలు ఎన్‌సీఎల్‌టీకి వెళ్లాలి, దేనికి ఓటీఎస్ (ఒకేసారి కట్టి బాకీ తేల్చుకునే రాజీ) ఇవ్వాలి, ప్లానుకు ఓటెయ్యాలా వద్దా అన్న నిర్ణయాల దగ్గర కూర్చునేది మీరే. ప్యానెల్ వకీలుకు ఆ కుర్చీ దక్కదు. కోర్టులో లేచి మాట్లాడాలన్న కోరిక ఉన్నవాళ్లకు మాత్రం నలభై ఏళ్ల వయసులో బయటికొచ్చి జూనియర్ల వరుసలో నిలబడటం చాలా కష్టం.

ఇన్‌సాల్వెన్సీ ప్రొఫెషనల్ కావడం ఇప్పుడే ఆలోచించాల్సింది కాదు. న్యాయవాదిగా పదేళ్ల అనుభవం, ఆపైన దివాలా బోర్డు పరీక్ష కావాలి. పైగా ఒక కంపెనీ కేసులో నియమించాక రిజల్యూషన్ ప్రొఫెషనల్ అయ్యే ఆయన ఏ ఒక్క రుణదాత మనిషీ కాదు, ఆయన కంపెనీని నడపాలి, అందరి క్లెయిములూ చూడాలి. స్వభావమే వేరు.

మరి ఎవరికి ఏది?

నన్నడిగితే, ఇంట్లో వకీళ్లు లేకుండా వచ్చి, రెండేళ్లు తక్కువ డబ్బుతో నెట్టుకురాగల వాళ్లు సరఫరాదారుల కేసులూ డీఆర్‌టీ కేసులూ కలిపి చేసే మధ్యస్థ ఛాంబరులో మొదలుపెట్టాలి. బ్యాంకు పని తర్వాత వస్తుంది, వచ్చినప్పుడు అవతలివైపు ఎలా ఆలోచిస్తుందో మీకప్పటికే తెలిసి ఉంటుంది. బ్యాంకుతో మొదలుపెట్టి తర్వాత చిన్న రుణదాతల వైపు వచ్చినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. చదువు అప్పు నెత్తిన ఉంటే లా ఫర్మే మేలు. కాకపోతే చేరేముందే ఏడాదికోసారైనా బెంచ్ ముందు నిలబెడతారా అని అడగండి. లెక్కలంటే భయపడేవాళ్లు ఏ వైపు వెళ్లినా ఇబ్బందే, ముందు ఒక చార్టర్డ్ అకౌంటెంటు దగ్గర రెండు నెలలు కూర్చుని బ్యాలెన్స్ షీటు చదవడం నేర్చుకోండి. ఎక్కడ ఉండాలన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. తెలంగాణ కంపెనీల కేసులు హైదరాబాద్ బెంచ్‌కు, ఆంధ్రప్రదేశ్ కంపెనీలవి అమరావతి బెంచ్‌కు వెళ్తాయి, అప్పీళ్లు చెన్నైలోని అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీకి. ఇళ్లు కొని మోసపోయినవాళ్ల తరఫున పనిచేయాలనుకుంటే, 2020 సవరణ తర్వాత ఒకే ప్రాజెక్టులో వందమందో లేక పదో వంతు కొనుగోలుదారులో కలిస్తేనే దరఖాస్తు వేయగలరు కాబట్టి, న్యాయంతో పాటు జనాన్ని కూడగట్టే ఓపికా కావాలి.

ఏ వైపు వెళ్లినా తేదీల పట్ల భయం ఉండాలి. రిజల్యూషన్ ప్లాను ఆమోదం పొందాక అందులో లేని క్లెయిములు చచ్చిపోతాయని 2021లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో చెప్పారు. క్లెయిమ్ పెట్టాల్సిన గడువు మధ్యంతర రిజల్యూషన్ ప్రొఫెషనల్ నియామకం నుంచి పద్నాలుగు రోజులు. ఆలస్యానికి కొంత వెసులుబాటున్నా దాని మీద ఆధారపడొద్దు. అప్పీలుకు ముప్ఫై రోజులు, కారణం చూపిస్తే మరో పదిహేను, అంతే. ఆ రోజులు తీర్పు వెలువడిన నాటి నుంచే లెక్క, కాపీ చేతికొచ్చిన నాటి నుంచి కాదని 2021లోనే వి. నాగరాజన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉచిత కాపీ వస్తుందిలే అని కూర్చున్న పార్టీ అక్కడ అప్పీలే పోగొట్టుకుంది. మా ఛాంబరులో అందుకే తీర్పు వెలువడిన సాయంత్రమే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెడతారు, ఆ పని జూనియరుదే.

ఎక్కడైనా చేరేముందు ఆ సీనియరును ఒక్క ప్రశ్న అడగండి: "మొదటి ఆరు నెలల్లో నా చేతికి ఏ కాగితాలిస్తారు?" డిఫెక్టులు సరిచేయడం, పేపర్ బుక్కులు కుట్టించడం అని మాత్రమే జవాబొస్తే ఇంకో చోట చూసుకోండి. ఆ పనులు అందరూ చేయాలి, కానీ అవి మాత్రమే కాదు. "క్లయింటు వచ్చినప్పుడు పక్కన కూర్చుని తేదీల పట్టిక నువ్వే రాయాలి" అన్న జవాబొస్తే, జీతం కాస్త తక్కువైనా మర్నాడే చేరిపోండి.